తలంటుకుని చేసే ఉపవాసం: ఎవరికీ తెలియకుండా, నిజాయితీగా ఎలా ఉండాలి

మన పలకరింపే "తిన్నావా?" అని. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి అడిగినా, అమ్మ ఫోన్ చేసినా, ఆఫీసులో కొత్తగా పరిచయమైనవాళ్లు మాట కలిపినా మొదటి ప్రశ్న అదే. అందుకే తెలుగింట్లో ఉపవాసం ఉండటం కన్నా, ఉన్నట్టు ఎవరికీ తెలియకుండా ఉండటం కష్టం. అయినా యేసుప్రభువు మనల్ని అడిగింది సరిగ్గా ఆ కష్టమైన పనినే.

మత్తయి సువార్త 6వ అధ్యాయం 16 నుంచి 18 వరకు చూడండి. మూడే వచనాలు. వాటిలో నన్ను ఎన్నో ఏళ్లుగా పట్టుకున్న మాట ఇది: "నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము." తలంటు అంటే మనకు వేరే చెప్పక్కర్లేదు. పండగ పూట చీకటితోనే లేపి, మాడున గోరువెచ్చని నూనె పెట్టి, కుంకుడు రసంతో రుద్ది పోసే స్నానం. కళ్లు మండుతుంటే ఏడుస్తూ పోయించుకున్న స్నానం. ఆ కాలపు యూదయలో అది ఒలివ నూనె. సంతోషంగా ఉన్నవాళ్లు, విందుకు వెళ్లేవాళ్లు తలకు రాసుకునేవారు. ఉపవాసం రోజున పైకి పండగ రోజులా కనబడమని ప్రభువు చెబుతున్నాడు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయే పనులన్నీ ఆ ఒక్క మాటను ఇంట్లో, ఆఫీసులో, వంటగదిలో ఎలా పాటించాలన్న దాని గురించే.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో మొదటిసారి మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. గడ్డం గీసుకోలేదు. నలిగిన చొక్కా వేసుకుని సాయంత్రం కూడికకు వెళ్లాను. "ఏం బాబూ, నీరసంగా ఉన్నావు" అని ఎవరైనా అడిగితే బాగుండునని లోపల తహతహ. ఒక పెద్దాయన అడగనే అడిగారు. చెప్పాను. "ఈ వయసులో ఎంత భక్తి అయ్యా!" అని నా భుజం తట్టారు. ఆ మాటతో ఆకలి కూడా చల్లారినట్టు అనిపించింది. రాత్రి మోకాళ్లూనితే దేవునితో మాట్లాడటానికి నా దగ్గర ఏమీ లేదు. ఉపవాసం పైకి చూపించుకునేవాళ్ల గురించి "వారు తమ ఫలము పొంది యున్నారు" అని ప్రభువు అన్నచోట గ్రీకులో వాడిన మాట ఆ రోజుల్లో రసీదుల మీద రాసే మాటే. పైకం మొత్తం ముట్టింది, పద్దు చెల్లు అని దాని అర్థం. నా పద్దు ఆ సాయంత్రం మందిరం గుమ్మం దగ్గరే చెల్లయిపోయింది.

మొదటి పని: ఎందుకో తేల్చుకోండి

తినడం మానడానికి ముందు కూర్చుని ఒక కాగితం తీయండి. ఈ ఉపవాసం ఎందుకో ఒకే వాక్యంలో రాయండి. "ఆశీర్వాదం కోసం" లాంటి మాట పనికిరాదు. "తమ్ముడితో రెండేళ్లుగా మాటల్లేవు, నేనే మొదట వెళ్లే మనసు కావాలి" అని రాయండి. "అమ్మకు వచ్చే వారం ఆపరేషన్, ఆమె కోసం ప్రార్థించడానికి" అని రాయండి. వాక్యం రాయలేకపోతే ఉపవాసం రెండు రోజులు వాయిదా వేయండి, తప్పేమీ లేదు.

బైబిల్లో ఉపవాసాలన్నీ మంచివి కావు. ఇది మనం తక్కువగా గుర్తు పెట్టుకుంటాం. నాబోతు ద్రాక్షతోట లాక్కోవడానికి రాణి యెజెబెలు ఊరంతటికీ ఉపవాసం చాటించింది (మొదటి రాజులు 21). ఆ ఉపవాస దినానే ఇద్దరు దొంగసాక్షులు లేచారు, ఆ మనిషిని రాళ్లతో కొట్టి చంపారు. పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టమని ఒట్టు పెట్టుకున్నవాళ్లు నలభైమందికి పైనే (అపొస్తలుల కార్యములు 23). వాళ్ల కడుపులూ ఖాళీవే. జెకర్యా 7వ అధ్యాయంలో దేవుడు అడిగిన ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: డెబ్బై ఏళ్లుగా ఐదో నెలలో, ఏడో నెలలో ఉపవాసం ఉన్నారు కదా, అది నిజంగా నా కోసమేనా?

మన రోజుల్లో తప్పుదారి పట్టించే ఉద్దేశాలు వేరు. బరువు తగ్గుతానన్న ఆశ ఒకటి. తగ్గాలనుకుంటే డైట్ చేయండి, దానికి దేవుని పేరు పెట్టొద్దు. ఫలానా అక్క 21 రోజులు చేసిందట, నేనూ చేయాలన్న పోటీ ఒకటి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది బేరం: వీసా రావాలి, సంబంధం కుదరాలి, ఇన్ని రోజులు మానేస్తాను, ఇవ్వు. తెలుగువాళ్లకు ఉపవాసం అనగానే పొట్టి శ్రీరాములు గారు కూడా గుర్తొస్తారు. 1952లో ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణమిచ్చారు. ఆ త్యాగం మనం తలవంచి గౌరవించాల్సినది. కానీ అది నలుగురికీ కనబడితేనే పనిచేసే దీక్ష, కదలని ప్రభుత్వాన్ని కదిలించడానికి చేసినది. తండ్రి అలా కాదు. మీరు అడగకముందే మీకేం కావాలో ఆయనకు తెలుసని అదే మత్తయి 6లో ఉంది. ఆయన మెడలు వంచక్కర్లేదు.

ఇంకొక ఉద్దేశం గురించి మెల్లగా చెప్పాలి. ఏదో పాపం చేశాక, నన్ను నేను శిక్షించుకుంటానని తిండి మానేసేవాళ్లున్నారు. యవ్వనస్థుల్లో ఇది ఎక్కువగా చూశాను. పశ్చాత్తాపంతో ఉపవాసం ఉండటం వేరు. యోవేలు 2లో దేవుడే అడిగాడు, బట్టలు కాదు, హృదయాన్ని చింపుకోమని. శిక్ష మాత్రం క్రీస్తు సిలువ మీద మోసేశాడు, దాన్ని మీ ఆకలితో మళ్లీ కట్టక్కర్లేదు.

మరి మంచి ఉద్దేశాలు? ఎజ్రా 8 చదవండి. యెరూషలేముకు వెళ్లే దారిలో దొంగల భయం ఉంది, రాజును సైనికుల్ని అడగడానికి ఎజ్రాకు సిగ్గేసింది, అహవా నది దగ్గర ఉపవాసం ఉండి దేవుణ్ణి అడిగాడు. కీర్తన 35లో దావీదు, తర్వాత తనకు కీడు చేసినవాళ్లు జబ్బుపడ్డప్పుడు వాళ్ల కోసం ఉపవాసం ఉన్నానంటాడు. ఇది నాకు ఇప్పటికీ అందని ఎత్తు. అంతియొకయ సంఘం పౌలును, బర్నబాను పంపే ముందు ఉపవాసం ఉంది. ఇక మత్తయి 9లో ప్రభువు చెప్పినది ఉంది కదా: పెండ్లికుమారుడు, అంటే తాను, తీసికొనిపోబడిన రోజుల్లో తన శిష్యులు ఉపవాసం ఉంటారని. ఏ పనీ కోరకుండా, ఆయన కావాలనిపించి ఉండే ఉపవాసం అది.

కాగితం మీద వాక్యం రాశాక దాన్ని ఒక ప్రశ్నతో తూచండి. ఈ ఉపవాసం సంగతి ఏ మనిషికీ ఎప్పటికీ తెలియదు, నా భార్యకో భర్తకో పిల్లలకో కూడా నా గొప్పగా గుర్తుండదు. అయినా చేస్తానా? మనసు ఒక్క క్షణం వెనకాడితే, ఎక్కడ వెనకాడిందో అక్కడే మీ మొదటి ప్రార్థన మొదలుపెట్టండి.

రెండో పని: శరీరం సంగతి

షుగర్‌కి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, తిండి విషయంలో మానసికంగా బాధపడి కోలుకున్నవాళ్లు డాక్టరు ఒప్పుకోకుండా భోజనం మానొద్దు. పాస్టరుగారు చెప్పినా సరే మానొద్దు. డాక్టరుకు నిజం చెప్పండి, మాత్రల మోతాదు, వేళ మీ అంతట మీరు మార్చకండి. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం కనిపిస్తే షుగర్ పడిపోతున్నట్టు. 70 కన్నా తగ్గితే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. ఉపవాసం అక్కడితో అయిపోయింది. దేవుడు దాన్ని లెక్కలోంచి కొట్టేయడు.

మన శ్రమల దినాలు, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజులు, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో పడతాయి. మంచి శుక్రవారం నాటికి కోస్తాలోనూ తెలంగాణలోనూ ఎండ నిప్పులు చెరుగుతుంది. పొలంలో, భవనాల పని మీద, బైకు మీద తిరిగే ఉద్యోగంలో ఉన్నవాళ్లు నీళ్లు మానే ఉపవాసం పెట్టుకోకండి. ఎస్తేరు మూడు రోజులు నీళ్లు కూడా ముట్టలేదు నిజమే, కానీ అది ఒక జాతి ప్రాణాల మీదికి వచ్చినప్పటి మాట. నీళ్లు తాగితే ఉపవాసం చెడదు.

తిండి మానలేనివాళ్లకు దానియేలు దారి ఉంది. దానియేలు 10లో ఆయన మూడు వారాలు రుచిగల భోజనం, మాంసం, ద్రాక్షారసం మానాడు. అంతేకానీ అసలు తినకుండా లేడు. షుగర్ ఉన్న ఒకామె నాతో అంది, "నేను వేళకు తినాలి బాబూ, అందుకే సీరియళ్లు మానేశాను, ఆ గంట వాక్యం చదువుకుంటా" అని. అది చిన్న ఉపవాసం కాదు.

మూడో పని: ఎంతసేపు, ఏ రోజు

మొదటిసారి అయితే ఒక్క పూట చాలు. మధ్యాహ్న భోజనం మానండి. అలవాటయ్యాక ఒక రోజుకు వెళ్లండి. దానికి నేను గట్టిగా చెప్పే పద్ధతి, రాత్రి భోజనం నుంచి మర్నాటి రాత్రి భోజనం వరకు. లేవీయకాండము 23లో ప్రాయశ్చిత్త దినాన్ని కూడా సాయంకాలం నుంచి సాయంకాలం దాకానే లెక్కపెట్టారు. బుధవారం రాత్రి ఏడున్నరకు ఇంట్లోవాళ్లతో కలిసి తింటారు. గురువారం టిఫిన్, మధ్యాహ్నం అన్నం ఉండవు. గురువారం రాత్రి మళ్లీ అందరితో కూర్చుని తింటారు. ఇరవైనాలుగు గంటలు పూర్తవుతాయి, రెండు రాత్రులూ మీ కంచం ఖాళీగా కనిపించదు. దాచడానికి ఇంతకన్నా తేలికైన దారి నాకు తెలియదు.

రోజు ఎంచుకోవడంలో కూడా కిటుకు ఉంది. మీ సంఘంలో అందరూ శుక్రవారం ఉపవాసం ఉంటే, ఆ రోజు మీరూ వాళ్లతో ఉండండి, కానీ మీ సొంత ఉపవాసం మంగళవారానికి మార్చుకోండి. శుక్రవారం తినకపోతే అందరూ ఊహిస్తారు, మంగళవారం ఎవరూ ఊహించరు. వారానికి రెండుసార్లు చేస్తున్నానని దేవాలయంలో నిలబడి చెప్పుకున్న పరిసయ్యుడి ప్రార్థన లూకా 18లో ఉంది. రెండుసార్లు చేయడం తప్పు కాదు. తొలి క్రైస్తవులు కూడా బుధ, శుక్రవారాల్లో చేసేవారు. లెక్క దేవునికి అప్పజెప్పడమే ఆ పరిసయ్యుడు చేసిన తప్పు.

కతోలిక సంఘంలో ఉన్నవాళ్లకు భస్మ బుధవారం, మంచి శుక్రవారం నియమ ఉపవాసాలు. 18 ఏళ్లు నిండినవాళ్ల నుంచి 59 ఏళ్లు నిండేవాళ్ల దాకా, ఒక పూర్తి భోజనం, రెండు కొద్దిపాటి ఆహారాలు. ఆ బుధవారం పూజలో చదివే సువార్త కూడా ఈ మత్తయి 6వ అధ్యాయమే. నుదుటి మీద విభూది పెట్టించుకునే రోజునే ముఖం కడుక్కోమన్న మాట వినిపిస్తుంది. గుర్తు నలుగురితో కలిసి పెట్టించుకునేది, లోపలి పశ్చాత్తాపం ఒక్కడి కోసం. ఆ రెండూ ఒకే రోజున గుర్తుండాలని పెద్దలు అలా పెట్టారనుకుంటాను.

నలభై రోజుల జోలికి మాత్రం వెళ్లకండి. అరణ్యంలో ప్రభువు చేశాడు కదా అంటారు. ఆయన్ని ఆత్మ అక్కడికి తీసుకెళ్లాడు, మనల్ని చాలాసార్లు తీసుకెళ్లేది ఉపవాస కూటాల పోస్టరు.

నాలుగో పని: ఎవరికి చెప్పాలి

రహస్యం అంటే ఇంట్లో దొంగతనంగా తిరగడం కాదు. మీకు వంట చేసేవాళ్లకు చెప్పండి. ముందు రోజు రాత్రే, ఒకే మాటలో: "రేపు నాకు టిఫిన్ వద్దు, క్యారేజీ కట్టొద్దు." ఉదయం ఆరింటికి లేచి ఆమె దోసెలు పోసి, కూర చేసి, డబ్బా మూత పెట్టాక "ఇవాళ ఉపవాసం" అంటే, మీ భక్తికి ఖర్చు ఆమె నెత్తిన పడింది. ఆ వండిన అన్నం పారబోయాల్సి వస్తే ఇంకా అన్యాయం. భార్యాభర్తలు ప్రార్థన కోసం ఎడబాయాలన్నా ఇద్దరి సమ్మతితోనే జరగాలని పౌలు కొరింథీయులకు రాశాడు. ఉపవాసానికీ ఆ మర్యాద పాటించండి.

వంట చేసే చేతులే మీవైతే కష్టం రెట్టింపు. పోపులో ఎండుమిర్చి, ఇంగువ వేగుతున్న వాసనకు కడుపు మెలిపెడుతుంది, పిల్లాడికి ముద్ద కలిపి పెడుతుంటే చేతికంటిన నెయ్యి అలవాటుగా నోటిదాకా వస్తుంది. ఉప్పు చూడటానికి పిల్లల్ని పిలవండి. పొరపాటున నాలుక మీద వేసుకున్నా బెంగపడకండి, కొనసాగించండి. మన ఇళ్లలో చాలామంది అమ్మలు నలుగురికీ వడ్డించి, తాము ఉపవాసం ఉన్న సంగతి గిన్నెలు తోమేటప్పుడు కూడా చెప్పలేదు. మత్తయి 6ను వాళ్లు చదివి వినిపించకుండానే మనకు నేర్పారు.

ఇంట్లోవాళ్లకు తప్ప ఇంకెవరికీ చెప్పాల్సిన పని లేదు. వాట్సాప్ స్టేటస్‌లో "ఫాస్టింగ్ ప్రేయర్ డే 3" అని పెట్టకండి. ప్రార్థన గ్రూపులో కూడా వద్దు. ప్రార్థన అవసరం ఉంటే అవసరాన్ని చెప్పండి, ఉపవాసాన్ని చెప్పకండి.

ఐదో పని: ముందు రోజు

రోజుకు మూడు నాలుగు కాఫీలు తాగేవాళ్లు రెండు మూడు రోజుల ముందు నుంచే ఒక్కొక్కటి తగ్గించండి. లేకపోతే ఉపవాసం రోజున పట్టే తలనొప్పి ఆకలిది కాదు, కాఫీది. ఆ తలనొప్పితో ముఖం ముడుచుకుపోతుంది, అందరికీ తెలిసిపోతుంది. ముందు రాత్రి బిర్యానీ లాగించి పడుకోకండి. పప్పు, కూర, పెరుగన్నం, మామూలు భోజనం. ఆవకాయ, అప్పడాలు తగ్గించండి, మర్నాడు దాహం తక్కువ వేస్తుంది. ఆ రోజు చదవాల్సిన వాక్యభాగం, ప్రార్థించాల్సిన పేర్లు రాత్రే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆకలి వేసినప్పుడు బైబిల్లో పేజీలు తిప్పుతూ వెతుక్కునే ఓపిక ఉండదు.

ఆరో పని: ఆ ఉదయం

తలంటుకోండి. నిజంగానే. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకోండి. గడ్డం గీసుకోండి, జడ వేసుకుని పూలు పెట్టుకునే అలవాటుంటే పెట్టుకోండి. ఖాళీ కడుపు వల్ల నోరు వాసన వస్తుంది, కాబట్టి మధ్యాహ్నం కూడా ఒకసారి పళ్లు తోముకోండి, నీళ్లు పుక్కిలించండి. చిన్న విషయంలా ఉంది కానీ, ముఖం కడుక్కోమన్నదాంట్లో ఇదీ ఒక భాగమే.

అదే వచనాల్లో, ఉపవాసం చూపించుకునేవాళ్ల గురించి ప్రభువు వాడిన వేషధారి అన్న మాట కూడా చూడండి. గ్రీకులో అది నాటకాల్లో వేషం కట్టేవాడి పేరు. తెలుగు అనువాదం చేసినవాళ్లు ఆ మాటను ఎంత సరిగ్గా పట్టుకున్నారో! వీధి నాటకంలో ముఖానికి రంగు పూసుకునేది చూసేవాళ్ల కోసం. చూసేవాళ్లు లేకపోతే వేషం అక్కర్లేదు.

ఏడో పని: "భోజనం చేశారా?" అన్నప్పుడు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. దాచాలన్న తొందరలో అబద్ధం ఆడేస్తారు. "తిన్నానండి", "కడుపు బాగోలేదు" అంటారు. దేవుని కోసం తిండి మానిన నోటితో అబద్ధం ఆడకూడదు. నిజమైన మాటలే వాడండి. "ఈ పూట వద్దండి, మీరు కానివ్వండి." "రాత్రికి ఇంట్లో తింటాను." "మీరు తినండి, నేను మీతో కూర్చుంటాను." కూర్చోండి కూడా, టీ బదులు నీళ్ల గ్లాసు పట్టుకుని కబుర్లు చెప్పండి. చాలామంది రెండోసారి అడగరు.

సూటిగా "ఉపవాసమా?" అని అడిగితే "అవునండి" అని చెప్పి, వెంటనే వాళ్ల సంగతి అడగండి. తెలిసిపోయిందని కంగారు పడి, దాచడం కోసం నాటకం మొదలుపెడితే అదీ వేషమే. ప్రభువు మన ఉద్దేశాన్ని అడిగాడు: మనుష్యులకు కనబడాలని చేయొద్దన్నాడు. పొరపాటున కనబడితే పోయిందనలేదు.

అనుకోకుండా ఎవరింటికో వెళ్లాల్సి వచ్చింది, మీరు వస్తారని వాళ్లు కష్టపడి వండారు. ఏం చేయాలి? నా సమాధానం, తినండి. నాలుగో శతాబ్దం చివర్లో ఐగుప్తు ఎడారిలో సన్యాసుల దగ్గరికి వెళ్లిన కాసియన్ అనే క్రైస్తవ సన్యాసి ఇదే సంగతి రాశాడు. అతిథులు వచ్చారని ఆ పెద్దలు తమ ఉపవాసం ఆపి భోజనం పెట్టారు. ఎందుకని అడిగితే, ఉపవాసం ఎప్పుడూ నాతోనే ఉంటుంది, మిమ్మల్ని మాత్రం కాసేపట్లో సాగనంపాలి కదా అన్నారట. మీ ఉపవాసం మర్నాటికి మార్చుకోండి.

ఎనిమిదో పని: ఆకలి వేసినప్పుడు

మధ్యాహ్నం ఒంటిగంట. అందరూ క్యారేజీలు విప్పుతున్నారు, ఎవరో తెచ్చిన ములక్కాడ సాంబారు వాసన గదంతా పరుచుకుంది. రోజూ తినే వేళకు ఆకలి ఉప్పెనలా వస్తుంది, ఆ వేళ దాటితే తినకపోయినా తగ్గుతుంది. ఒళ్లు అలవాటు ప్రకారం అడుగుతుంది అంతే. ఆ అరగంటే మీ ఉపవాసంలో అసలు భాగం. మెట్ల మీదకో, డాబా మీదకో, పార్కింగ్‌లో బండి దగ్గరికో వెళ్లండి. ప్రార్థనకు తలుపు వేసుకోమని ప్రభువు చెప్పిన గది అందరికీ దొరకదు, కానీ పది అడుగులు పక్కకు వెళ్లే చోటు దొరుకుతుంది.

రాత్రి రాసుకున్న కాగితం తీయండి. ఒక కీర్తన నెమ్మదిగా చదవండి, 63 బాగుంటుంది, నీళ్లు లేని ఎండిన దేశంలో ప్రాణం దేవుని కోసం దప్పిగొన్నదని రాసినది. తర్వాత పేర్లు ఒక్కొక్కటి. పొడుగు ప్రార్థన రాకపోతే "తండ్రీ, ఆకలేస్తోంది, అన్నంకన్నా నువ్వు ముఖ్యమని నేర్పు" అనండి. అదే చాలు. తిండి మాని ఆ అరగంట ఫోన్ చూస్తూ గడిపితే అది ఉపవాసం కాదు, భోజనం ఎగ్గొట్టడం.

నాలుగింటికి చిరాకు వస్తుంది. దానికి సిద్ధంగా ఉండండి. యెషయా 58లో జనం దేవుణ్ణి నిలదీస్తారు, మేం ఉపవాసం ఉంటే నువ్వెందుకు చూడవని. ఆయన చెప్పిన జవాబు: మీ ఉపవాస దినాన మీరు మీ వ్యాపారం చూసుకుంటారు, పనివాళ్లచేత కఠినంగా పని చేయిస్తారు, కలహపడతారు, పిడికిలి బిగించి కొడతారు. కాబట్టి ఆ రోజు పనిమనిషి మీద కేక వేయొద్దు. డ్రైవర్‌కో కూలీకో ఇవ్వాల్సిన డబ్బు ఉంటే ఆ రోజే ఇచ్చేయండి. పిల్లాడి లెక్కల హోంవర్క్ దగ్గర గొంతు పెరుగుతున్నట్టు అనిపిస్తే లేచి ముఖం కడుక్కుని రండి.

తొమ్మిదో పని: మీరు తినని అన్నం

మా అమ్మమ్మ దీన్ని ఒక్కపొద్దు అనేది. ఆమె వంటింట్లో బియ్యం డబ్బా పక్కన మూత వదులైన పాత పాలపొడి డబ్బా ఒకటి ఉండేది. రోజూ సోలతో బియ్యం కొలిచేటప్పుడు మనిషికింత అని లెక్క. ఒక్కపొద్దు ఉన్న రోజున కూడా తన వంతు కొలిచేది, కొలిచి ఆ డబ్బాలో పోసేది. గింజలు రేకు మీద పడుతున్న చప్పుడు నాకు బాగా గుర్తు. డబ్బా నిండితే సందు చివర ఒంటరిగా ఉండే ముసలామె ఇంటికి నాచేత పంపేది. "ఏమని చెప్పను?" అంటే "బియ్యం అని చెప్పు" అనేది.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, రెండో శతాబ్దంలో రోములో రాసిన ఒక క్రైస్తవ గ్రంథంలో అచ్చంగా ఇదే పద్ధతి ఉందని. ఉపవాసం రోజున రొట్టె, నీళ్లు మాత్రమే తీసుకో, ఆ రోజు తినబోయిన తిండికి ఎంత ఖర్చయ్యేదో లెక్కకట్టి విధవరాలికో, అనాథకో, లేనివాడికో ఇవ్వు అని. అమ్మమ్మ ఆ గ్రంథం పేరు కూడా విని ఉండదు. యెషయా 58 మాత్రం విన్నది: ఆకలిగొన్నవానికి నీ ఆహారం పెట్టడం.

మీరూ లెక్కకట్టండి. టిఫిన్‌కు, భోజనానికి, రెండు టీలకు ఎంతవుతుంది? వంద, రెండొందలు. ఆ రోజే తీసి పక్కన పెట్టండి. నెలాఖరుకు ఒకరికి ఇవ్వండి, ఫొటో తీయకుండా. ఇది లేని ఉపవాసంతో మిగిలేది మన ఇంటి సరుకులే.

పదో పని: విడవడం

ఒక రోజు ఉపవాసమైతే మామూలు భోజనమే, కొంచెం తక్కువగా, నెమ్మదిగా. ముందు మజ్జిగో, ఒక అరటిపండో తీసుకుని, పావుగంట ఆగి అన్నం తినండి. వేపుళ్లు, మసాలాలు ఆ పూట వద్దు. అంతకన్నా పొడుగు ఉపవాసాల్లో గంజి, ఇడ్లీ లాంటివాటితో మొదలుపెట్టాలి. ఐదారు రోజులు దాటితే డాక్టరు పర్యవేక్షణ లేకుండా చేయకూడదు, విడవకూడదు. చాలా రోజులు ఖాళీగా ఉన్న ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో లవణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

తినే ముందు ఒక్క నిమిషం స్తోత్రం చెప్పండి. ఆ మొదటి ముద్ద రుచి రోజూ తెలియదు.

ఆ తర్వాత

ఉపవాసం అయ్యాక వచ్చే శోధన, చేసేటప్పటికన్నా పెద్దది. ఎవరో తిండిపోతు కనిపిస్తే మనసు చిన్నచూపు చూస్తుంది. సాక్ష్యాల సమయంలో లేచి నిలబడాలనిపిస్తుంది. దేవుడు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పండి, తప్పకుండా చెప్పండి. మీరు ఎన్ని పూటలు మానారో అందులో కలపకండి. మేలు వినిపించడానికి పూటల లెక్క అక్కర్లేదు. అయినా ఎవరో పొగిడారు, మీకు బాగనిపించింది. దాని గురించి రాత్రంతా కుమిలిపోకండి. "ప్రభువా, ఇది నాకు తియ్యగా ఉంది, క్షమించు" అని చెప్పి నిద్రపొండి.

సంఘమంతా కలిసి ఉపవాసం ఉంటే అది మత్తయి 6కు విరుద్ధమా అని కొందరు అడుగుతారు. కాదు. యోవేలు బూర ఊది ఉపవాస దినం ప్రకటించమన్నాడు, అంతియొకయలో కలిసే చేశారు. అందరూ ఉన్నచోట ఒక్కడు గొప్పగా కనిపించడు కూడా. అయితే ఎవరు చేశారు, ఎవరు చేయలేదు అని చేతులు ఎత్తించే పద్ధతి ఉంటే, దాన్ని ఆపమని పెద్దలకు మర్యాదగా చెప్పండి. షుగర్ ఉన్న ఆ తల్లి చేయి ఎత్తలేక తలవంచుకుంటుంది.

ఇక అడిగినది జరగకపోతే? రెండో సమూయేలు 12లో దావీదు జబ్బుపడ్డ తన బిడ్డ కోసం ఏడు రోజులు నేల మీద పడి ఉన్నాడు, తినలేదు. బిడ్డ చనిపోయాడు. చెబితే ఏమైపోతాడోనని సేవకులు భయపడ్డారు. ఆయన లేచాడు, స్నానం చేశాడు, తైలం పూసుకున్నాడు, బట్టలు మార్చుకుని యెహోవా మందిరానికి వెళ్లి మొక్కాడు, ఇంటికొచ్చి భోజనం పెట్టమన్నాడు. మీ కాగితం మీది వాక్యం అలాగే ఉండిపోయిన రోజున ఈ అధ్యాయం తెరవండి. కాగితం చింపకండి. దాని వెనక తేదీ వేసి బైబిల్లో అక్కడే పెట్టి, ఇంట్లోవాళ్లతో కూర్చుని అన్నం తినండి.